తుప్పు ఆరబోసిన పూట

పొందూరు సంత వెనక, పాలకేంద్రం షెడ్డు ముందు
గోనెపట్టా మీద తుప్పు ఆరబోస్తున్నాను.
లేతు షాపు గవరయ్య మూటగట్టి ఇచ్చిన
ఇనుప రజను, ఉంగరాలు తిరిగిన చీలికలు.
నెల కిందట ఎర్రగా పంపాను డబ్బాలోకి.
ఇవాళ మాడిన అట్టులా నల్లబడి బయటికొచ్చాయి.

పేడగ్యాసులో ఒక దొంగ ఉంటాడు,
కుళ్లిన గుడ్డు వాసన కప్పుకుని తిరుగుతాడు.
గంధకం వాడి ఇంటిపేరు.
వాణ్ణి ఈ తుప్పు పట్టుకుంటుంది,
ఊరంతా పెంటకుప్ప మీద పారేసే తుప్పు.
దాని తర్వాత బొగ్గుపొడి గొట్టం,
ఆ తర్వాత కొలిమి. అక్కడ గ్యాసు విడివడి
హైడ్రోజన్ అవుతుంది.
దాని వెంట ఇంకొకడు, కార్బన్ మోనాక్సైడ్,
వాసనైనా లేనివాడు, చివరి గడప దాకా వస్తాడు.
లోపల ఫ్యూయల్ సెల్లులో ప్లాటినం పూత.
పదిలక్షల్లో పది పాళ్లు మించితే
ఊపిరాడదు దానికి.

"అంత సుకుమారమైతే సంసారమెలా సేస్తాదే?"
అని నవ్వింది అమ్మమ్మ తవిటమ్మ.

పుట్టగానే చేటెడు తవుడుకి అమ్మి
మళ్లీ కొనుక్కున్నారట ఆమెని, బతకాలని.
చెరిగి పారబోసేదాని పేరు పెట్టుకుని
డెబ్బై ఏళ్లుగా శుభ్రం చేస్తూనే ఉంది.
వాలుగ చేప దవడతో పత్తిగింజను దువ్వుతుంది,
ఆకు నలుసు, పురుగు తొలిచిన పీచు
ఒక్కటీ రాట్నం దాకా పోకుండా.
పోతే నూలు తెగదు, అదే చిక్కు.
నేశాక, నాలుగు ఉతుకులయ్యాక,
ఎవరి భుజం మీదో ముడిగా తేలుతుంది.

మొన్న శ్రావణంలో నేనూ ఒకటి పోనిచ్చాను.
ముసురు. తుప్పు మార్చాల్సిన వారం మార్చలేదు.
గవరయ్య మరదలి పెళ్లికి బొబ్బిలి వెళ్లాడు.
మంగళవారం కంపు కొట్టింది.
బుధవారం ఇంకా కొట్టింది.
గురువారం ఏ వాసనా లేదు.
హమ్మయ్య, శుభ్రమైపోయిందనుకున్నాను.
చచ్చిపోయింది నా ముక్కని
తట్టలేదు.

రాత్రి పదకొండింటికి ఓల్టేజి
గుడ్డివాడు మెట్లు దిగినట్టు దిగింది.
ఫ్రిజ్జులో గాలికుంటు టీకా, మూడొందల డోసులు.
ఫోను వెలుగులో సీసపు కాగితం తడిపి
గొట్టం దగ్గర పట్టాను. రెప్పపాటులో నలుపు.
టీకాల్ని చేపల బండి ఐసు కాపాడింది,
తెల్లారి దూడలన్నీ రొయ్యల వాసన చూసి బెదిరాయి.

మోనాక్సైడ్ చుట్టం లాంటిది,
కాస్త గాలి ఊదితే లేచి వెళ్తుంది.
గంధకం కూర్చుంటే కూర్చున్నదే.
డెబ్బై సెల్లుల దొంతరలో పదకొండు
ఇప్పటికీ కుంటుతున్నాయి.
లెక్కల పుస్తకంలో వాటి పక్కన
ముసురనీ పెళ్లనీ రాయలేదు.
నా పేరు రాశాను.

"ఇంతకీ నీ పనేటే?" అంది అమ్మమ్మ.
తీసెయ్యడం, అన్నాను.
"ఏటి తీసెయ్యడం?"
కనపడందాన్ని.
చేతిలో గింజని తిప్పుతూ కాసేపు ఊరుకుంది.
రెండు కళ్లకీ పొరలొచ్చి మూడేళ్లయింది ఆమెకి.
"నాకూ కనపడదు గదే ఇప్పుడు. ఏళ్లే సెప్తాయి."
దవడ నా అరచేతిలో పెట్టింది.
ముందు పళ్లు నాలుగు అరిగిపోయాయి.
"కొత్త దవడెక్కడ దొరుకుతాదో సూడు.
ముక్కు సంగతొదిలీ, కాగితాన్నడుగు."

ఇప్పుడు ఎండ నెత్తికెక్కింది.
చెంబుతో నీళ్లు చిలకరించాను నల్లటి రజను మీద.
గాలి తగిలి లోలోపల వేడెక్కుతోంది,
అంచుల నుంచి మెల్లగా ఎరుపు తిరుగుతోంది.
కోడిపెట్ట ఒకటి గింజలనుకుని వచ్చి
కాలు చురుక్కుమని ఎగిరిపోయింది.

ఇంకో రెండుసార్లకి పనికొస్తుందిది.
మూడోసారికి గవరయ్యకి కబురు పెట్టాలి,
ఎవరి పెళ్లీ లేని వారం చూసి.